నడుము నొప్పి ఉన్నవాళ్ళకు మినీ ట్రాంపొలిన్: 40 అంగుళాల స్ప్రింగు రకంపై రివ్యూ

మినీ ట్రాంపొలిన్ అంటే గుండ్రటి ఫ్రేముకు స్ప్రింగులతో బిగించిన మ్యాట్, దాని మీద నిలబడి ఊగుతారు. ఇక్కడ చూస్తున్నది 40 అంగుళాల వ్యాసం, ఆరు కాళ్ళు, 32 స్ప్రింగులు, ముందువైపు టీ ఆకారంలో హ్యాండిల్ ఉండే రకాన్ని. పేర్లు, రంగులు మారినా ఆన్‌లైన్‌లో సుమారు నాలుగైదు వేల నుంచి ఎనిమిది వేల దాకా దొరికే మినీ ట్రాంపొలిన్లలో చాలావరకు సరుకు ఇదే. నడుము నొప్పి ఉన్న మనిషి ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టడానికి ఇది పనికొస్తుందా అన్నంతవరకే మా పరిశీలన. పిల్లల ఆటకు, ఒళ్ళు తగ్గడానికి లెక్కలు వేరు.

తీర్పు ముందే చెప్పేస్తాం. గంటలకొద్దీ కుర్చీలో కూర్చుని నడుము బిగుసుకుపోయేవాళ్ళకు, గట్టి నేల మీద నాలుగడుగులు వేస్తే మడమ నుంచి నడుము దాకా అదిరేవాళ్ళకు ఇది మంచి వస్తువే. కాకపోతే స్ప్రింగులు మీ బరువుకు సరిపోవాలి, హ్యాండిల్ కదలకుండా ఉండాలి, పాదాలు మ్యాట్ మీంచి పైకి లేవకూడదు. ఈ చివరి మాట వినగానే "ఎగరనప్పుడు ట్రాంపొలిన్ ఎందుకు" అంటారు. ఆ లెక్క తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేలాల్సింది ఎవరు కొనకూడదన్నది.

నొప్పి పిరుదు మీదుగా తొడలోకి, పిక్కలోకి, పాదం దాకా లాగుతుంటే, కాలు తిమ్మిరెక్కుతుంటే, నడుస్తున్నప్పుడు చెప్పు ఊడిపోయినా తెలియకపోతే, పాదం ముందుభాగం పైకి లేవనంటే ఇప్పుడు కొనకండి, డాక్టరుకు చూపించండి. మల మూత్రాల మీద అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ తగ్గినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరంతో పాటు వచ్చిన నడుము నొప్పి, ఊరికే బరువు తగ్గిపోవడం, పడుకున్నా రాత్రంతా తగ్గని నొప్పి, కింద పడ్డాక మొదలైన నొప్పి కూడా వ్యాయామంతో తేల్చుకునేవి కావు. వెన్నుపూస జారినవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, వెన్ను ఆపరేషను అయినవాళ్ళు, గర్భిణులు, తల తిరుగుడు ఉన్నవాళ్ళు డాక్టరు సరే అనేదాకా ఆగాలి. ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పుకోనిది: కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడే ఇబ్బంది ఉన్న ఆడవాళ్ళకు మ్యాట్ మీద అది ఇంకా ఎక్కువవుతుంది. వాళ్ళు ముందు కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత దీని జోలికి రావడం మంచిది.

తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఈ విషయంలో వెసులుబాటు ఉంది. టీటీడీ నడిపే బర్డ్ ఆస్పత్రి ప్రధానంగా ఎముకలు, కీళ్ళ చికిత్సకే పెట్టినది. స్విమ్స్ ఉంది, రుయా ఉంది. పాత ఎక్స్‌రే, స్కానింగ్ కాగితాలు తీసుకెళ్ళి "పాదాలు లేపకుండా ట్రాంపొలిన్ మీద మెల్లగా ఊగవచ్చా" అని సూటిగా అడగండి. "ఎక్సర్‌సైజు చేయొచ్చా సార్" అంటే "చేయండి" అనే అంటారు, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

ఇక లెక్క. మీరెంత ఎత్తుకు ఎగిరారు, దిగినప్పుడు మ్యాట్ ఎంత లోపలికి కుంగింది అన్న రెండు కొలతల మీదే ఒంటిపై పడే బలం ఆధారపడి ఉంటుంది. 15 సెంటీమీటర్లు ఎగిరి దిగితే మ్యాట్ 10 సెంటీమీటర్లు కుంగిందనుకుందాం. ఆ కుంగేంతసేపూ పడే సగటు బలం సొంత బరువుకు రెండున్నర రెట్లు. 60 కిలోల మనిషికి 150 కిలోలన్నమాట. అది సగటే, అట్టడుగుకు చేరిన క్షణంలో ఇంకా ఎక్కువే ఉంటుంది. అదే పాదాలు మ్యాట్‌కు అంటుకునే ఉండి పైకీ కిందికీ ఊగితే ఆ బలం దాదాపు సొంత బరువుకు రెట్టింపు లోపే ఉండిపోతుంది. మెల్లగా ఊగితే ఒకటింబావు, ఒకటిన్నర రెట్లు. ఇది కొంచెం చురుకైన నడకలో పడేంతే. గట్టి బండ మీద ఎగరడం కంటే మ్యాట్ మీద ఎగరడం మెత్తన అన్నది నిజమే, కానీ నొప్పి ఉన్న నడుముకు ఆ పోలికతో పనిలేదు. బండ మీద మాత్రం ఎవరు ఎగరమన్నారు?

డబ్బాల మీద "నాసా నిరూపించింది" అని రాసుకుంటారు కాబట్టి దాని సంగతీ చెప్పాలి. ఆ పరిశోధన 1980లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజియాలజీలో వచ్చింది. ఎనిమిది మంది కుర్రాళ్ళను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ట్రాంపొలిన్ మీద ఎగిరించి, చీలమండ, వెన్ను, నుదురు దగ్గర కుదుపు కొలిచారు. పరుగులో చీలమండ దగ్గరి కుదుపు మిగతా రెండుచోట్ల కంటే రెండింతలకు పైగా ఉంది. ట్రాంపొలిన్ మీద మూడుచోట్లా దాదాపు ఒకేలా ఉంది. అంటే కీలుకు కొంత ఊరట. నడుము నొప్పి తగ్గుతుందా అన్నది ఆ పరిశోధనలో అడిగిన ప్రశ్నే కాదు. "పది నిమిషాలు ఊగితే ఒంట్లో విషాలన్నీ పోతాయి" లాంటి రాతలను డబ్బాతో పాటే పాత సామానుకు వేసేయవచ్చు.

కొనేటప్పుడు అందరూ పొరబడేది బరువు అంకె దగ్గర. "గరిష్ఠ బరువు 150 కిలోలు" అంటే అంత బరువుకూ ఫ్రేము ఆగుతుందని అమ్మేవాళ్ళ మాట. అది స్ప్రింగు మీ ఒంటికి ఎంత మెత్తగా ఉంటుందో చెప్పదు. పైగా అంకె పెరిగేకొద్దీ స్ప్రింగులు బిర్రుగా ఉంటాయి. 48 కిలోల మనిషి 150 కిలోల సరుకు కొంటే మ్యాట్ కదలనే కదలదు, చెక్కపీట మీద నిలబడినట్టే ఉంటుంది, కుదుపంతా నడుముకే వస్తుంది. 90 కిలోల మనిషి 100 కిలోల సరుకు కొంటే మ్యాట్ గిన్నెలా కుంగి, రెండు పాదాలూ లోపలికి వాలి, మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వంగి, నడుము ముందుకు తోసుకొస్తుంది. నడుము నొప్పి పెంచుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు.

చూసుకునే పద్ధతి ఇది. మ్యాట్ మధ్యలో కదలకుండా నిలబడండి. ఇంకొకరు పక్కన కూర్చుని, ఫ్రేము మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి మ్యాట్ ఎంత కుంగిందో స్కేలుతో కొలవాలి. 3 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఉంటే సరిపోయినట్టు. 2 లోపు ఉంటే బిర్రు, 7 దాటితే వదులు. తర్వాత మెల్లగా ఊగండి. అడుక్కి వచ్చినప్పుడు మ్యాట్‌కూ నేలకూ మధ్య బెత్తెడు ఖాళీ మిగలాలి. కాళ్ళ ఎత్తు 20 సెంటీమీటర్లే ఉన్న చిన్న మోడళ్ళలో బరువైన వాళ్ళకు ఆ ఖాళీ మిగలదు, అందుకే 25 సెంటీమీటర్ల ఎత్తున్నది చూసుకోండి.

స్ప్రింగుకు బదులు రబ్బరు తాళ్ళు, అంటే బంజీ ఉండే రకం వేరు. బెలికాన్, జంప్‌స్పోర్ట్ లాంటి విదేశీ కంపెనీలు వీటికి పేరుపడ్డాయి. కుంగుదల మెత్తగా, నిదానంగా ఉంటుంది, కిర్రుమనే చప్పుడు ఉండదు, నొప్పి ఉన్నవాళ్ళకు నిస్సందేహంగా హాయి. ధర స్ప్రింగు రకానికి రెండు మూడు రెట్లు, దిగుమతి అయితే ఇంకా పైన. రబ్బరు కాబట్టి ఎండకు, వేడికి సాగిపోతుంది, తాళ్ళు ఎప్పటికైనా మార్చాల్సిందే. రోజూ వాడతామన్న నమ్మకం ఉంటేనే అంత పెట్టండి. మొదటిసారి కొనేవాళ్ళకు మా ఓటు బరువుకు సరిపోయే స్ప్రింగు రకానికే.

హ్యాండిల్ లేనిది మాత్రం నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఎంత చౌకగా వచ్చినా కొనొద్దు. అలాగని ఉన్న హ్యాండిళ్ళన్నీ మంచివీ కావు. చవక మోడళ్ళలో పైపు ఫ్రేము అంచు నుంచి నిటారుగా లేస్తుంది. 40 అంగుళాల దానిలో మధ్యనుంచి అంచుకు 20 అంగుళాలు. మధ్యలో నిలబడి పట్టుకోవాలంటే ముందుకు వంగాలి, ఆ వంగుడే నడుముకు చేటు. దగ్గరగా జరిగితే ఆ వైపు స్ప్రింగులు ఎక్కువ కుంగి పాదం ముందుకు వాలుతుంది, పిక్కలు పట్టేస్తాయి. పైపు పైభాగం మీ వైపుకు వంపు తిరిగి ఉన్నదాన్నే ఎంచుకోండి. పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త మడిచి, చేతులు బొడ్డు ఎత్తున ఉండాలి. ఎత్తు మార్చుకునే బొత్తాం మూడు నాలుగు మెట్లకు తక్కువ కాకుండా ఉంటే ఇంట్లో పొట్టి, పొడుగు అందరికీ సరిపోతుంది.

సరుకు ఇంటికి రాగానే ఫ్రేము కంటే ముందు మ్యాట్ అంచు చూడండి. నల్లటి మ్యాట్ పాలీప్రొపిలీన్ నేత. దాని అంచు చుట్టూ మందపాటి పట్టీ, ఆ పట్టీలోంచి మూడుమూలల ఇనుప రింగులు బయటికి వస్తాయి. ఒక్కో రింగు పక్కన కుట్టు ఎన్ని వరసలు ఉందో లెక్కపెట్టండి. ఒకే వరస ఉంటే తిప్పి పంపేయండి, రెండు వరసలు తక్కువలో తక్కువ, అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టు ఉంటే ఇంకా మేలు. రింగును బొటనవేలితో బయటికి లాగి చూడండి, కుట్టు దారం పైకి లేచి కనబడితే ఆ మ్యాట్ అక్కడే తెగుతుంది. స్ప్రింగు తెగడం అరుదు, ముందు పోయేది ఈ కుట్టే. రెండోది కాళ్ళ మర. ఒక్కో కాలునూ చేత్తో తిప్పి రెండు చుట్లు ఎక్కించండి. చేత్తో తిరక్కపోతే స్పానర్ పెట్టి బిగించొద్దు, మర అడ్డం పడుతుంది. అలాంటి కాలు నిటారుగా నిలబడదు, కొద్దిరోజుల్లో అక్కడే పగులు వస్తుంది. రెండు లోపాల్లో ఏది ఉన్నా వాపసు గడువు లోపలే, బిగించకముందే ఫొటో తీసి పంపండి. ఒకసారి బిగించిన సరుకును తిరిగి తీసుకోవడానికి వచ్చే కుర్రాడు సవాలక్ష సాకులు చెప్తాడు.

బిగింపు ఇద్దరి పని. నడుము నొప్పి ఉన్నవాళ్ళు దాన్లో రెండో మనిషిగా, కుర్చీలో కూర్చుని నట్లు అందించే పాత్రలో ఉంటే చాలు. కాళ్ళకంటే ముందు స్ప్రింగులు. వరసగా ఒక పక్క నుంచి తగిలించుకుంటూ పోతే చివరి ఏడెనిమిది ఎంత లాగినా అందవు, మ్యాట్ ఒక పక్కకు గుంజుకుపోతుంది. అందుకే ఎదురెదురుగా తగిలించాలి. చాక్‌పీసుతో ఫ్రేము మీద రంధ్రాలకు, మ్యాట్ మీద రింగులకు 1 నుంచి 32 దాకా అంకెలు వేయండి. ముందు 1, దానికెదురు 17, తర్వాత 9, 25. ఆపైన 5, 21, 13, 29. తర్వాత 3, 19, 11, 27, 7, 23, 15, 31. మిగిలిన సరి అంకెలు ఇదే పద్ధతిలో ఎదురెదురుగా. మధ్యలో ఒక రింగు వదిలేస్తే చివర్లో గానీ తెలియదు, అప్పుడు సగం విప్పాల్సి వస్తుంది. డబ్బాలో టీ ఆకారపు కొక్కెం ఇస్తారు, దానితో లాగండి, చేతికి గ్లవుజు తప్పనిసరి. కొక్కెం జారితే స్ప్రింగు ముఖానికే వస్తుంది, కాబట్టి లాగేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోండి.

మడిచే రకం అయితే స్ప్రింగులు ముందే తగిలించి వస్తాయి, అక్కడ ప్రమాదం మరో రకం. సగానికి మడిచి ఉన్న ఫ్రేమును తెరిచేటప్పుడు స్ప్రింగులన్నీ కలిసి దాన్ని మళ్ళీ మూయాలని చూస్తాయి. ఒకరు కింది సగం మీద పాదాలు పెట్టి నిలబడాలి, రెండో మనిషి పై సగాన్ని మెల్లగా వెనక్కి వంచాలి. మడత కీలు దగ్గర వేళ్ళు పెట్టొద్దు. ఒక్కరే తెరవడం, అందునా వంగి నడుముతో బలం పెట్టి తెరవడం అసలే వద్దు. మడిచే సౌకర్యం చూసి ముచ్చటపడి కొంటారు గానీ రోజూ మడిచి తెరిచేవాళ్ళు తక్కువ. మంచం కింద చోటుంటే మడవని రకం కొని, కాళ్ళు విప్పి తోసేయడం తేలిక. గోడకు నిలబెట్టేట్టయితే అడుగున రెండు ఇటుకలు అడ్డం పెట్టండి, గుండ్రటిది కాబట్టి దొర్లుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది మన ఇళ్ళలో అనుకున్నంత సులువు కాదు. ఫ్యాను కింద వద్దే వద్దు. ఐదడుగుల ఆరంగుళాల మనిషి చేతులు పైకెత్తితే ఏడడుగుల పైచిలుకు, దానికి ట్రాంపొలిన్ ఎత్తు పది అంగుళాలు కలిపితే ఎనిమిది అడుగులకు దగ్గర. పదడుగుల స్లాబుకు వేలాడే ఫ్యాను రెక్కలు దానికి అడుగు దూరంలోనూ ఉండవు. ఏడడుగుల ఎత్తున ఉండే సజ్జ కింద, గుమ్మం కింద అయితే చేతులు పైకెత్తడానికే చోటుండదు, తలకు కూడా ఖాళీ తక్కువే. మూడు వైపులా రెండేసి అడుగులు ఖాళీ వదిలి, హ్యాండిల్ ఉన్న వైపును మాత్రం గోడకు ఆనించండి. హ్యాండిల్ మీద బరువు వేస్తే ట్రాంపొలిన్ ఆ వైపుకే తిరగబడుతుంది, గోడ ఆపుతుంది. గ్రానైటు, టైల్సు మీద కాళ్ళ రబ్బరు జారుతుంది, ఇంట్లో తడిగుడ్డ పెట్టిన వెంటనే అయితే మరీను. 8 లేదా 10 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ పరిస్తే జారుడూ తగ్గుతుంది, అపార్టుమెంట్లలో కింది ఇంటివాళ్ళకు దడదడా వినిపించదు. కాళ్ళ కింద గోనెపట్టా, దుప్పటి పరిచి సరిపెట్టుకునేవాళ్ళున్నారు, అవి ఇంకా జారతాయి.

మిద్దె మీద గాలికి బాగుంటుందని అక్కడ పెడతారు. తిరుపతి ఎండకు మ్యాట్ నేత, దానికంటే ముందు కుట్టుదారం పెళుసుబారిపోతుంది, బంజీ రబ్బరు అయితే సరేసరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు స్ప్రింగు కొక్కేలు తుప్పు పడతాయి. వాడాక కిందికి తెచ్చే ఓపిక ఉంటేనే మిద్దె.

ఇక వాడకం. లేచిన వెంటనే వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అందుకే పొద్దున్నే వంగితే నడుము పట్టేస్తుంది. లేచి గంటైనా ఇంట్లో అటూ ఇటూ తిరిగాక, తిన్న తర్వాతైతే రెండు గంటలు ఆగి చేయండి. తెల్లవారకముందే నడకకు బయల్దేరే అలవాటున్నవాళ్ళు నడక ముందు పెట్టుకుని తిరిగొచ్చాక మ్యాట్ ఎక్కితే సరిగ్గా కుదురుతుంది. వట్టికాళ్ళతో చేయండి. మామూలు సాక్సు ఈ నేత మీద జారుతుంది. అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సు అయితే పరవాలేదు.

ఎక్కడం కూడా పద్ధతి ప్రకారమే. ముందు హ్యాండిల్ పట్టుకుని, ఒక పాదం సూటిగా మధ్యలో వేసి, రెండోది పక్కన. స్ప్రింగుల మీద కప్పిన గుడ్డ మీద అడుగు పెట్టొద్దు, పాదం స్ప్రింగుల మధ్యకు దిగుతుంది. పాదాల మధ్య తుంటి వెడల్పు ఎడం, వేళ్ళు ముందుకు, మోకాళ్ళు బిగించకుండా కొద్దిగా సడలి. చూపు ఎదురుగా గోడ మీద ఒక చోట. కాళ్ళకేసి చూస్తే మెడ, దానితోపాటు వీపు వంగిపోతాయి. పొట్టను తుమ్ము వచ్చేముందు బిగుసుకునేంత మాత్రం బిగించి, ఊపిరి మామూలుగా వదలండి. ఇప్పుడు మడమలతో మ్యాట్‌ను కిందికి నొక్కండి. పైకి అదే తెస్తుంది, మీరు ఎగరనక్కర్లేదు. వేళ్ళమీద నొక్కేవాళ్ళకు నాలుగు రోజుల్లో పిక్కలు గట్టిపడి నొప్పి మొదలవుతుంది, దాన్ని "అలవాటు లేక" అని సరిపెట్టుకుంటారు. అలవాటు సంగతి కాదు, నొక్కే చోటే తప్పు.

మొదటి మూడు రోజులు ఊగను కూడా ఊగొద్దు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుతూ ఒక నిమిషం, దిగి విశ్రాంతి, మళ్ళీ ఒక నిమిషం. నాలుగో రోజు నుంచి 30 సెకన్లు మెల్లగా ఊగి, 30 సెకన్లు నిలబడి, ఇలా నాలుగుసార్లు. రెండో వారం మడమ ఒక్కటే లేపుతూ, వేళ్ళు మ్యాట్‌కు అంటించే ఉంచి నడిచినట్టు చేయడం కలపండి. మూడో వారానికి మొత్తం ఐదు నిమిషాలు, నాలుగో వారానికి ఎనిమిది. పది దాటాల్సిన అవసరం నొప్పి ఉన్నవాళ్ళకు లేదు, కావాలంటే పూటకు ఐదు చొప్పున రెండు పూటలా చేయండి. నడుము తిప్పుతూ ఎగరడం, మోకాళ్ళు ఛాతీదాకా లేపడం, ఒంటికాలి మీద ఊగడం, చేతుల్లో డంబెల్సు, వీడియోల్లో మ్యూజిక్కు పెట్టి చేసే కాళ్ళు చాపి మూసే జంపులు, వీటిలో ఏదీ మొదటి రెండు నెలలూ వద్దు. దిగేటప్పుడు దూకొద్దు. ఊగడం పూర్తిగా ఆగాక, హ్యాండిల్ వదలకుండా ఒక్కో కాలు వెనక్కి దించి, నేల మీద అర నిమిషం అలాగే పట్టుకుని నిలబడండి. మెత్తటిదాని మీంచి గట్టిదాని మీదికి వచ్చినప్పుడు కాళ్ళు బరువెక్కి తూలినట్టుంటుంది. పెద్దవాళ్ళు పడేది మ్యాట్ మీద కంటే ఈ దిగే క్షణంలోనే.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. చేస్తున్నప్పుడు మూడు దాకా ఉంటే కొనసాగించవచ్చు, మర్నాడు పొద్దునకు అది ముందటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే నిమిషాలు సగానికి తగ్గించండి. అంకె కంటే ముఖ్యమైనది నొప్పి జరిగే దిశ. తొడలో ఉన్న నొప్పి క్రమంగా పైకి, నడుము మధ్యకు చేరుతుంటే మంచి సూచన, నడుములో కాస్త ఎక్కువైనట్టు అనిపించినా సరే. నడుములో ఉన్నది పిరుదులోకి, తొడలోకి దిగుతుంటే అంకె రెండే ఉన్నా ఆపేయండి.

ఊగిన తర్వాత నడుము కింది భాగంలో సన్నగా లాగుతోందంటే చాలావరకు మ్యాట్‌ను నొక్కడానికి నడుమును ముందుకు విల్లులా వంచుతున్నారని అర్థం. అద్దం పక్కగా పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది. ఒక పక్కే నొప్పి వస్తుంటే మ్యాట్ సమంగా ఉందో లేదో చూడండి, ఒక కాలి రబ్బరు అరిగితే చాలు, ఫ్రేము వాలి ఒక తుంటి కిందికి దిగుతుంది. భుజాలు నొప్పి పెడితే హ్యాండిల్ మీద వేలాడుతున్నారు. దాన్ని వేళ్ళతో ఆనుకోవాలి, అంతే. అంతగా వేలాడాల్సి వస్తే మీరు ఊగే వేగం మీ నడుముకు ఎక్కువ.

దీనితోపాటు నేలమీద చేసే రెండు మూడు వ్యాయామాలు లేకపోతే ఫలితం సగమే. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తుంటి పైకెత్తడం, చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం, పక్కకు పడుకుని మోచేతి మీద తుంటి లేపడం. పిరుదుల కండరాలకు బలం ఇచ్చేవి అవే, మ్యాట్ ఇవ్వదు. అలిపిరి దారిలో 3550 మెట్లు నడవాలని మొక్కుకుని దానికి తయారీగా ట్రాంపొలిన్ కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఆయాసం తగ్గడానికి కొంత పనికొస్తుంది గానీ మోకాళ్ళ పర్వతం దగ్గర నిలువు మెట్లకు కావలసిన తొడ బలం దీనితో రాదు. ఇంటి మెట్లే ఎక్కి దిగాలి.

నిర్వహణకు పెద్ద పనేమీ లేదు. వారం వాడాక అన్ని నట్లూ ఒకసారి మళ్ళీ బిగించండి, ఆపైన నెలకోసారి. కిర్రుమంటుంటే స్ప్రింగు కొక్కెం రింగును తాకే చోట కొద్దిగా వాజలిన్ రాయండి, మ్యాట్‌కు అంటితే జారుతుంది జాగ్రత్త. విప్పి చూసినప్పుడు స్ప్రింగు చుట్ల మధ్య సందు కనబడితే అది సాగిపోయినట్టు, దాన్నీ దానికెదురుగా ఉన్నదాన్నీ కలిపి మార్చండి. కాళ్ళ అడుగు రబ్బరు అరిగితే కంపెనీ కోసం ఎదురుచూడనక్కర్లేదు, వాకర్లకు, చేతికర్రలకు వేసే రబ్బరు బుష్‌లు మెడికల్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి, పైపు బయటి వ్యాసం కొలుచుకుని వెళ్ళండి. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు హ్యాండిల్, కాళ్ళు విప్పి మంచం కిందికి తోసేయడమే మంచిది. ఇద్దరు ఒకేసారి ఎక్కితే ఒకరి దిగుడు ఇంకొకరిని ఎగరేస్తుంది, దెబ్బలు తగిలేది అలాగే. పిల్లలకు ఇంట్లో ట్రాంపొలిన్ వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెప్తుంది.

వారంటీ కాగితం చదివితే చాలా కంపెనీలు ఫ్రేముకే ఇస్తాయి, మ్యాట్, స్ప్రింగులు, కప్పు గుడ్డ "అరిగే భాగాలు" అని పక్కన పెట్టేస్తాయి. స్ప్రింగు పొడవు మోడల్‌ను బట్టి మారుతుంది, అందుకే ఆర్డరు పెట్టేటప్పుడే విడి స్ప్రింగులు నాలుగు, వీలైతే ఒక మ్యాట్ అదే అమ్మకందారు దగ్గర దొరుకుతాయా అని అడగండి. విడి భాగాలు అమ్మని చోట వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చినా వదిలేయండి.